అర్జీలో ఒక మాట



గోదావరి డెల్టాలో కాలువ చివరి గ్రామములలో పుట్టి పెరిగినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేని కష్టమొకటి కలదు. ఎగువ గ్రామములవారు నాట్లు ముగించుకొని నిశ్చింతగా నుండు దినములలో, శివారు భూముల రైతులు ఆకుమడి యెండిపోవుచుండగా గట్టుమీద నిలిచి కాలువ వంక చూచుచుందురు. నేను హైస్కూలు పై తరగతిలో చదువుకొనుచున్న కాలమున ఒకయేడు మా యూరికి అట్టి యిబ్బంది సంభవించినది. పెద్దలందరును రామాలయము అరుగుమీద కూడి, తెలుగున పెట్టిన అర్జీ బల్లమీద పడియుండునే గాని కదలదనియు, ఇంగ్లీషున వ్రాసిన కాగితమునకే విలువ యనియు నిశ్చయించి, ఆ పనిని నాకప్పగించిరి.

నీరు వదలవలసినదిగా అడుగుచున్నామని వ్రాయవలెను. అడుగుటకు నా నోటుపుస్తకములో నాలుగు ఇంగ్లీషు మాటలుండెను: ఆస్క్, రిక్వెస్ట్, బెగ్, డిమాండ్. నాలుగింటి యెదుటను నేను వ్రాసికొన్న తెలుగు మాట ఒక్కటే. ఆ దినములలో మేము 'మీనింగులు' అని వల్లించినది ఈ తీరుననే. నాలుగింటిలో డిమాండ్ అను మాట నా చెవికి బరువుగాను హుందాగాను తోచినది. పెద్దల పక్షమున వ్రాయు కాగితమున బరువైన మాట యుండుటే మర్యాద యనుకొని దానినే వ్రాసితిని.

మా పెదనాన్నగారితో కూడ నేనును ఆఫీసుకు పోయితిని. ఆఫీసరు కాగితము చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఏమయ్యా, మీ ఊరివాళ్ళు నీళ్ళడగడానికొచ్చారా, నా మీదికి దావాకొచ్చారా?" అనెను. మా పెదనాన్నగారికి ఆ ప్రశ్న బోధపడలేదు, నాకును బోధపడలేదు. ఆయన చేతులు జోడించి, "తమరే దయచూడాలండీ" అనెను. నోటి మాట చేతులు జోడించుచున్నది, చేతికాగితము వ్రేలు చూపుచున్నది. ఆఫీసరు ఆ రెంటిలో కాగితమునే నమ్మెను. "మళ్ళీ రాయించుకురండి" అని తిప్పి పంపివైచెను. అందువలన నాలుగు దినములు పోయినవి. మరల అర్జీ పట్టుకొని పోవునాటికి ఆకుమడి చివుళ్ళు పసుపు వారి, వేళ్ళతో నలిపిన పొడియగునంతగా ఎండియుండుట నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆంగ్లభాషలో మాటల యెన్నికయు, వాక్యము పొందికయు అర్థమునెట్లు దిద్దుచున్నవో నేటి ప్రసంగమున మనవిచేయ దలచితిని. నేను ఆ భాషలో పండితుడను కాను. ఆ ఆకుమడి యెండిన నాటినుండి ఆ భాషను కొంత భయముతోను కొంత ప్రేమతోను చదువుకొన్నవాడను. ఇన్నేండ్లకు నాకు తెలిసినంతలో, బడిలో మనము పర్యాయపదములని వల్లించిన జాబితాలలో నిజమైన పర్యాయములు మిక్కిలి అరుదు. ఒక భావమునకు నాలుగు మాటలున్న భాషలో, పలికిన మాట వలన ఎంత అర్థము కలుగునో, పలుకక విడిచిన మూడు మాటల వలనను అంత అర్థమే కలుగును. బెగ్ అనగలిగియుండియు డిమాండ్ అనిన వాని నోట ఆ 'అనగలిగియుండియు' అన్నంతయు ఎదుటివాని చెవిని పడును.

ఆ భాషకింత పదసంపద యెట్లబ్బినదో కొంచెము తెలిసికొన్నగాని ఈ సంగతి తేటపడదు. ఇంగ్లండు దేశమున ఆంగ్లో సాక్సనులు మాటాడిన ప్రాతభాష మొదటి పొర. 1066లో నార్మండీ ప్రభువైన విలియము హేస్టింగ్స్ యుద్ధమున గెలిచి రాజైన పిదప, కొలువులోను న్యాయస్థానములోను ఫ్రెంచి రాజ్యమేలినది. అది రెండవ పొర. విద్యాపునరుజ్జీవన కాలమున పండితులు లాటిను నుండి తెచ్చిపోసిన మాటలు మూడవ పొర. పొరలు ఒకదానినొకటి తుడిచివేయక ఒకదానిపై నొకటి నిలిచినవి. అందుచేతనే లేచుటకు రైజ్ అని నాటుమాట, మౌంట్ అని ఫ్రెంచిమాట, ఎసెండ్ అని లాటినుమాట; అడిగి తెలిసికొనుటకు ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. పొరుగింటివాడు నన్ను ఆస్క్ చేయును, ఉపాధ్యాయుడు క్వశ్చన్ చేయును, పోలీసువారు ఇంటరాగేట్ చేయుదురు. ఇక చెరువుగట్టున నున్నవాడు 'ఎసెండ్' చేసినాడనిన, వాడు గట్టెక్కినాడని గాక సింహాసనమో స్వర్గమో ఎక్కినాడని తోచును.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. అచ్చతెలుగు, తద్భవము, తత్సమము అని మన భాషకును పొరలున్నవి. బావిలో నుండగా నీళ్ళు. కవి వర్ణించునపుడు జలము. సంధ్యవార్చు వేళ ఉదకము. అవే నీళ్ళు ఉద్ధరిణెలో అర్చకుని చేతినుండి మన పుడిసిలిలో పడినపుడు తీర్థము. తీర్థమును 'గుడి నీళ్ళు' అని అనువదించిన పరదేశీయునికి ఎంత పొరపాటో, నా డిమాండ్ అంత పొరపాటు. ఇంటిలో పెద్దాయన పోయినప్పుడు ఏ కూతురును 'మా నాన్న చచ్చిపోయాడు' అని ఉత్తరము వ్రాయదు; 'కాలము చేసినారు' అని వ్రాయును. ఈ మెలకువ మనకు ఉగ్గుపాలతో వచ్చినది. ఇంగ్లీషు చదువునపుడు మాత్రము దానిని గుమ్మము బయట విడిచి లోనికి పోవుచున్నాము.

నార్మనుల పాలన ఆ భాషపై విడిచిన ముద్రలలో ఒకటి సర్ వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన ఐవన్‌హో నవల మొదటి అధ్యాయమున ఒక పందులకాపరికిని ఒక విదూషకునికిని నడిచిన సంభాషణ వలన లోకమునకు బాగుగా తెలిసినది. పొలములో మేయునపుడు జంతువులకు కౌ, షీప్, పిగ్ అని సాక్సను పేర్లు. కోసి వండి ప్రభువుల భోజనపు బల్లకెక్కించిన పిదప బీఫ్, మటన్, పోర్క్ అని ఫ్రెంచి పేర్లు. కాచువాని నోట ఒక మాటయు తినువాని నోట ఒక మాటయు నిలిచినవి. దొర యెవడో, చాకిరి చేసినవాడెవడో ఆ దేశపు నిఘంటువే సాక్ష్యము చెప్పుచున్నది.

ఈ పొరలను గురించి చదువునపుడే నాకొక విషయము తెలిసి ఆశ్చర్యపడితిని. నా డిమాండ్ అను మాట ఫ్రెంచినుండి వచ్చినది. ఫ్రెంచిలో నేటికిని దాని మాతృపదమునకు అడుగుట యనియే అర్థము. అందులో కోపము లేదు, హక్కు లేదు. సముద్రము దాటి ఇంగ్లండు చేరి, ఏలికల నోటను న్యాయస్థానములలోను నలిగిన పిదప ఆ మాటకు వ్రేలు చూపు స్వభావము పట్టుబడినది. అనగా ఒక మాట పుట్టుక వలన దాని నేటి అర్థము తెలియదు. అది ఎవరి నోట, ఏ పనికి, ఎన్నాళ్ళు నానినదో చూడవలెను.

మాట యెన్నిక ఎంత దూరము పోగలదో చూపుటకు నాకు తెలిసిన ఘట్టములలో విలియము టిండేలు చరిత్ర మిక్కిలి గంభీరమైనది. ఆయన గ్రీకు మూలమునుండి క్రొత్త నిబంధనను ఇంగ్లీషు చేసి 1526లో జర్మనీలోని వర్మ్స్ నగరమున అచ్చువేయించి, రహస్యముగా స్వదేశమునకు పంపెను. లండను బిషప్పు దానిని తగులబెట్టించెను. ఏల? ముఖ్యముగా నాలుగు మాటలు. చర్చ్ అనవలసినచోట కాంగ్రిగేషన్ అనెను. పురోహితునకు ప్రీస్ట్ అనక మొదట సీనియర్ అనియు, పిదప ఎల్డర్ అనియు వ్రాసెను. చారిటీ అనక లవ్ అనెను. పాపమునకు గురువు విధించు ప్రాయశ్చిత్తమును తెలుపు పెనన్స్ అను మాట విడిచి, మనస్సు మారుటను తెలుపు రిపెంటెన్స్ వాడెను. నాలుగు మాటలే గాని, ఆ నాలుగింటితో మఠాధిపత్యము, పురోహితుని అధికారము, దానధర్మముల ఫలము, ప్రాయశ్చిత్తవిధి అను నాలుగు స్తంభములును కదలినవి. సర్ థామస్ మోర్ అంతటి మహావిద్వాంసుడు 1529లో ఒక గ్రంథము వ్రాసి ఈ మాటలను పేరుపేరున ఖండించెను, టిండేలు ప్రత్యుత్తరమిచ్చెను, మోర్ అంతకంటె పెద్ద గ్రంథముతో మరల ఎదుర్కొనెను. ఇద్దరును సత్యసంధులే, ఇద్దరి మరణమును దారుణమే. మోర్ 1535లో రాజాజ్ఞచే శిరశ్ఛేదము పొందెను. టిండేలును మరుసటియేడు బ్రస్సెల్సు చేరువనున్న విల్వోర్డులో గొంతు బిగించి చంపి దహించిరి. ఆయనపై మోపిన నేరములు ఈ నాలుగు మాటలే కావు గాని, ఆ నేరములన్నిటికిని వేళ్ళు ఈ మాటలలో నున్నవి.

1611లో జేమ్సు రాజు ఆనతిని బైబిలును మరల అనువదించినవారు టిండేలు వాక్యములను అధికభాగము స్వీకరించిరి గాని, చర్చ్ అను ప్రాతమాటనే నిలుపవలెనని వారికి ముందే కట్టడి యుండెను. ప్రేమను గూర్చిన ప్రసిద్ధాధ్యాయమున చారిటీ అనియే ఉంచిరి. 1881 నాటి సవరణలో గాని లవ్ తిరిగి రాలేదు. మన తెలుగు బైబిలు తెరచి చూచినవారికి సంఘము, పెద్దలు, ప్రేమ, మారుమనస్సు అను మాటలు కనిపించును. నాలుగును టిండేలు పక్షమున నున్నవే. విల్వోర్డులో అసువులు బాసిన ఆ మనిషి యెన్నిక మన పల్లెటూళ్ళ ప్రార్థనామందిరములలో ప్రతి ఆదివారమును వినబడుచున్నదని తలచినపుడెల్ల నాకు ఒడలు పులకరించును.

మాట సంగతి ఇట్లుండగా, పొందిక సంగతి మరొకటి. 'పులి ఆవును చంపెను' అని మనము చెప్పినను, 'ఆవును చంపెను పులి' అని చెప్పినను, 'చంపెను ఆవును పులి' అని చెప్పినను చచ్చినది ఆవే. 'ను' అను ప్రత్యయము ఆవు మెడకు కట్టిన పలుపు వంటిది. ఎక్కడికి తోలినను ఆవు ఎవరిదో తెలియుచునే యుండును. ప్రాతకాలపు ఇంగ్లీషునకును అట్టి విభక్తులుండెడివి. కాలక్రమమున అవి చాలవరకు రాలిపోయినవి. అందుచేత నేటి ఇంగ్లీషులో టైగర్ అను మాట ముందున్న అది చంపును, వెనుకనున్న చచ్చును. చోటే విభక్తి.

ఓన్లీ అను చిన్నమాటను చూడుడు. మనము 'రామయ్యే నిన్న నాకు అప్పిచ్చాడు' అన్న మరెవ్వరును ఇవ్వలేదని. 'నిన్ననే' యన్న కాలమునకు కట్టు. 'నాకే' యన్న ఇతరులకు లేదని. 'అప్పే' యన్న ఊరక ఇచ్చినది కాదని. 'ఏ' అను ఒక్క అచ్చు మాట తరువాత మాటనంటి తిరుగుచు తన అర్థమును తానే చెప్పుకొనును. ఇంగ్లీషులోని ఓన్లీ అట్లంటుకొనదు. వాక్యమున విడిగా నిలుచును. నోటితో చెప్పునపుడు గొంతు ఒత్తి చూపవచ్చును. కాగితముమీద గొంతు లేదు గనుక ఏ మాట ప్రక్కన నిలిపితిమో ఆ మాటకే అది కాపు కాయును. విలునామాలోనో పాలసీపత్రములోనో ఓన్లీ ఒక మాట ఇటు జరిగిన కుటుంబములు కోర్టుకెక్కవచ్చును.

మన భాషలో బొత్తిగా లేనివి, మనవారిని ఎక్కువగా తికమకపెట్టునవి ఆర్టికిల్సు. 'ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్' అన్న నాకు స్నేహితులు లేరనియే చెప్పవలెను. 'ఎ ఫ్యూ' అన్న కొందరున్నారు, చాలును, అని. ఆ ఒక్క అక్షరమునందు ఒక మనుష్యుని ఒంటరితనము తీరిపోవుచున్నది. ఇక 'ది' సంగతి. 1967లో పశ్చిమాసియా యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి భద్రతామండలి నవంబరు 22న ఏకగ్రీవముగా ఆమోదించిన 242వ తీర్మానమున, ఇటీవలి యుద్ధములో ఆక్రమింపబడిన ప్రదేశములనుండి ఇజ్రాయేలు సేనలు వైదొలగవలెనను వాక్యమున్నది. ఇంగ్లీషు పాఠమున 'టెరిటరీస్' అన్న మాటకు ముందు 'ది' లేదు. లేనందున కొన్ని ప్రదేశములనుండి అని ఒక పక్షము. ఫ్రెంచి పాఠమున ఉన్న రూపమును బట్టి అన్ని ప్రదేశములనుండి అని మరొక పక్షము. ఆ వాదము దశాబ్దములు దాటినను తెగలేదు. తెలుగున ఆ వాక్యమును వ్రాయబూనిన మనకు ఆ 'ది' ఉండుటయు లేకుండుటయు ఒకటే. అక్కడ దేశముల ఎల్లలు దానిమీద నిలిచియున్నవి.

షల్, విల్ అను రెండు సహాయక్రియలను గురించి ఎక్కువ చెప్పను. 1653లో జాన్ వాలిస్ అను గణితవేత్త వాని వాడుకకు నియమము చెప్పిన నాటినుండి బడిపిల్లలు వానితో కుస్తీపట్టుచునే యున్నారు. నీటమునిగిపోవుచున్న పరదేశి ఈ రెంటిని తారుమారు చేసి, 'మునిగితీరుదును, నన్నెవరును రక్షింపరాదు' అని అర్థమిచ్చునట్లు కేకవేయగా గట్టునున్నవారు ఊరకుండిరని వ్యాకరణోపాధ్యాయులు చెప్పు కథ యొకటి కలదు. వాడుకలో ఆ భేదము సన్నగిలినది. చట్టములో మాత్రము షల్ అను మాట మే అను మాటకు సాధారణముగా సాటి కాదు: 1872 నాటి భారత సాక్ష్యచట్టము 'ఊహింపవచ్చును', 'ఊహింపవలెను' అను రెంటికిని వేర్వేరు నిర్వచనములిచ్చి న్యాయమూర్తి చేతిని ఒకచోట విడిచినది, ఒకచోట కట్టినది.

ఇంతవరకు చెప్పినవి తెలియక జరుగు పొరపాట్లు, తెలిసి చేసిన యెన్నికలు. తెలిసి దాచుట వేరు. బెర్ట్రాండ్ రసెల్ 1948లో బి.బి.సి. రేడియో గోష్ఠిలో ఒక సూక్ష్మము చూపెను: ఒకే గుణమును మనము మనయందు స్థైర్యమనియు, ఎదుటివానియందు పంతమనియు, చాటుననున్నవానియందు మూర్ఖపు మొండితనమనియు పిలుచుచుందుము. గుణము మారలేదు, పురుష మారినది. ఇది ఇంటింట జరుగునదే. ప్రభుత్వములు చేసినపుడు దీనివలన ప్రాణములు పోవును. మోతీహారిలో 1903లో పుట్టి, బర్మాలో పోలీసు కొలువు చేసి, యుద్ధకాలమున లండనునుండి భారతదేశమునకు రేడియో ప్రసంగములు నడిపిన జార్జి ఆర్వెల్, 1946లో ఒక వ్యాసమున దీనిని నిర్మొగమాటముగా ఎత్తిచూపెను. రక్షణలేని పల్లెలపై బాంబులు వేసి, గుడిసెలు కాల్చి, జనమును అడవులపాలు చేసి, దానికి పాసిఫికేషన్ అని పేరుపెట్టుదురని ఆయన వాపోయెను. శాంతి యను అర్థముగల లాటినుమాట ఆ పేరు కడుపున నున్నది. ఆ పేరు విన్నవారికి మంట కనబడదు, పిల్లల యేడుపు వినబడదు. ఫైలు మీద సిరా మాత్రము కనబడును.

మనదేశపు చరిత్రయు ఈ గాయము నెరుగును. 1857ను ఆంగ్లేయులు మ్యూటినీ అనిరి. కొలువులో చేరి ఆజ్ఞను మీరిన సైనికుని తప్పిదమునకు ఆ మాట. దానిని ఒప్పుకొన్నచో ఆజ్ఞ యిచ్చినవాడు న్యాయమైన యజమాని యనియు ఒప్పుకొన్నట్లే. వాదము మొదలు కాకముందే తీర్పు వచ్చివేసినది. 1909లో సావర్కరు తన గ్రంథమున దానిని స్వాతంత్ర్యయుద్ధమనెను; ఆ పుస్తకమును నిషేధించిరి. నూరేండ్ల పండుగకు ప్రభుత్వము పక్షమున చరిత్ర వ్రాసిన సురేంద్రనాథ సేన్ 1957లో తన గ్రంథమునకు ఆ సంవత్సరపు అంకెనే పేరుగా నుంచెను. మన గోదావరి మన్యములో కొండదొరలును, పిదప 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజును నడపిన పోరాటములను దొరతనమువారి ఇంగ్లీషు కాగితములు 'ఫితూరీ' అను మాటతో వ్రాసికొన్నవి. ఆ మాట మన నోట పితూరీయై నేడు చాడీ యను అర్థమునకు దిగినది. ప్రాణములొడ్డిన పోరునకు ఎంత చిన్న మాట కట్టబెట్టిరో చూడుడు.

ఇక నాకన్నిటికంటె హత్తుకొన్న ఘట్టము మన రాజ్యాంగములోనిది. ఏ మనుష్యుని ప్రాణమునైనను స్వేచ్ఛనైనను హరించుటకు ముందు రాజ్యమేమి పాటింపవలెనన్న ప్రశ్నకు అమెరికా రాజ్యాంగము 'డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా' అని జవాబు చెప్పినది. మన తొలి చిత్తుప్రతిలోను ఆ మాటలే యుండెను. 1947 చివర రాజ్యాంగ సలహాదారు బెనగళ్ నరసింగరావు అమెరికా వెళ్ళి అక్కడి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరుతో మాటాడి వచ్చిన పిదప, ఆ మాటలు తొలగి 'ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా' అను మాటలు వచ్చినవి. జపాను వారి 1946 నాటి రాజ్యాంగమున అట్టి మాటలే యుండెను. స్వేచ్ఛ యను లిబర్టీకి ముందు పర్సనల్ అను విశేషణమును చేర్చిరి.

తెలుగున చెప్పిన రెండును 'చట్టప్రకారము' అనియే వినబడును. భేదమంతయు డ్యూ అను మూడక్షరముల మాటలో నున్నది. డ్యూ అనగా తగినది, చెల్లవలసినది, ఋణపడి యున్నది. ఆ మాట యున్నంతవరకు, మీ చట్టము తగిన చట్టమేనా యని న్యాయస్థానము శాసనసభనే అడుగగలదు. ఎస్టాబ్లిష్డ్ అన్నప్పుడు, చట్టమొకటి యున్నదా, దానిలోని పద్ధతి నడిచినదా, అన్నంతవరకే ప్రశ్న. డ్యూ వలదన్నవారును దుర్మార్గులు కారు. అమెరికాలో ఆ మాటను పట్టుకొని న్యాయమూర్తులు రొట్టెల కార్మికుల పనిగంటలకు పరిమితి పెట్టిన చట్టమును 1905లో కొట్టివేసియుండిరి; పేదలకై చేయబోవు శాసనములకు ఇక్కడను అట్టి గతి పట్టునేమో యని వారి భయము. నెల్లూరు సీమలో పుట్టిన రాజ్యాంగసభ సభ్యులు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు ఆ పక్షమున నిలిచిరి. మరొక సభ్యులు మున్షీగారు డ్యూ కావలెననిరి. 1948 డిసెంబరులో చర్చ ముగియు వేళ అంబేద్కరుగారు రెండు ప్రక్కలను ప్రమాదమే యున్నదని ఒప్పుకొనిరి. డ్యూ రాలేదు.

రాజ్యాంగము అమలులోనికి వచ్చిన నాలుగు నెలలకే ఆ మాట లేని లోటు ఒక మనిషి మీద పడినది. విచారణ లేక మద్రాసు రాష్ట్రపు జైలులో నిర్బంధింపబడిన కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలను పెట్టుకొన్న దరఖాస్తుపై 1950 మే 19న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, లా అనగా శాసనసభ చేసిన చట్టమే గాని సహజన్యాయము కాదని అధికసంఖ్యచే నిర్ణయించినది. రాజ్యాంగకర్తలు ఎరిగియుండి విడిచిన మాటను మేమెట్లు తెచ్చి చేర్చుదుమన్నది వారి తర్కములో నొకటి. విడిచిన మాటకు పలికిన మాటతో సమానమైన బరువుండునని ఇందాక మనవిచేసితిని. అది ఆనాడు న్యాయపీఠము మీదనుండి వినబడినది. న్యాయమూర్తి ఫజల్ అలీగారు మాత్రము వేరుగా వ్రాసి, పద్ధతి యన్నమాటలోనే, ముందుగా తెలుపుట, చెప్పుకొన నవకాశమిచ్చుట వంటివి ఇమిడియున్నవనిరి. ఆయన మాట ఇరువదియెనిమిదేండ్లు నిదానించినది. 1978 జనవరి 25న మేనకా గాంధీ పాస్‌పోర్టు వ్యాజ్యెములో అదే న్యాయస్థానము, పద్ధతి యన్నది న్యాయముగాను ధర్మముగాను సమంజసముగాను ఉండవలెనని నిర్ణయించినది. ఆ అధికరణమున ఒక్క అక్షరము మారలేదు. మారినది చదివిన తీరు. తలుపునుండి వెళ్ళగొట్టిన డ్యూ, ఎస్టాబ్లిష్డ్ అను మాట చాటునుండి లోనికి వచ్చి కూర్చున్నది.

నా అర్జీ సంగతి మిగిలినది. రెండవసారి ఊరిలోని రిటైర్డు గుమాస్తాగారొకరు దానిని వ్రాసి యిచ్చిరి. అందులో 'మోస్ట్ హంబ్లీ బెగ్' అని యుండెను. క్రింద 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్స్' అని, దానిక్రింద పెద్దలందరి వ్రేలిముద్రలు. ఆఫీసరు మారుమాటాడక ఉత్తర్వు వ్రాసెను. నీరు వచ్చినది, కొంత ఆకుమడి బ్రతికినది. అప్పుడు నేను నేర్చుకొన్నది, నా మాట తప్పు, గుమాస్తాగారి మాట ఒప్పు అని. నేటికి ఆ తీర్పు నాకు సమ్మతము కాదు. మా యూరివారు ఏటేట నీటితీరువ చెల్లించుచుండిరి. పైకము తీసికొన్న దొరతనము నుండి నీటిని దేహీ యని యాచింపవలసిన పనిలేదు. వ్రేలు చూపవలసిన పనియు ఆనాటికి రాలేదు. ఆ రెండు మాటల నడుమ నా నోటుపుస్తకములో మొదటనే వ్రాసియుండియు, చిన్నదని నేను చులకనచేసిన నాటుమాట ఒకటి యుండెను.

ఇప్పుడు వ్రాయవలసివచ్చిన 'వి ఆస్క్ ఫర్ ది వాటర్ డ్యూ టు అవర్ ఫీల్డ్స్' అని వ్రాయుదును. మా పొలములకు చెల్లవలసిన నీటిని అడుగుచున్నాము. ఆ వాక్యములో 'ది' అను మాటను మాత్రము, ఎవరు వలదన్నను, తీయనీయను. తీసినచో 'కొంత నీరు' అని చదువుకొనుటకు వారికి చోటు దొరకును.